స్టోమా క్లినిక్ రివ్యూ: నాలుగు స్టార్లు, తగ్గించిన ఆ ఒక్కటీ నర్సు వల్ల మాత్రం కాదు

ముందే చెప్తున్నా, రివ్యూ పెద్దది. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళకీ పనికొస్తుంది కానీ, ఎక్కువగా రాస్తున్నది నాలాగా పొట్ట మీద స్టోమాతో (మలం బయటికి రావడానికి పేగుని పొట్ట మీదికి తెచ్చి పెట్టే ద్వారం, దాని మీద బ్యాగు అంటించుకుంటాం) పదిహేను ఇరవై ఏళ్ళు గడిపేసి, ఇంక అలవాటైపోయింది, బ్యాగులు ఇంటికే వస్తున్నాయి, మనకి డాక్టరుతో పనేంటి అనుకునేవాళ్ళ కోసం. అంత ఓపిక లేనివాళ్ళు చివర్లో ఫీజూ టైమింగులూ రాశాను, అక్కడికి వెళ్ళిపోండి.

నాకు 1998లో ఇలియోస్టమీ అయింది. పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ ముదిరిపోయి, మందులకి లొంగక, పెద్దపేగు మలద్వారంతో సహా మొత్తం తీసేసి చిన్నపేగు చివరని పొట్ట కుడివైపు బయటికి తెచ్చి కుట్టారు. నన్ను చూసి అయ్యో అనేవాళ్ళకి అర్థం కాదు గానీ ఆ ఆపరేషన్ తర్వాతే నేను మళ్ళీ మనిషినయ్యాను. అంతకు ముందు పెళ్ళికి పిలిస్తే ఫంక్షన్ హాల్లో బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కుని కానీ బయల్దేరేదాన్ని కాదు. తర్వాత ఉద్యోగం చేశాను, పిల్లాణ్ణి పెంచాను, తెనాలి ఎండల్లో బస్సులెక్కి తిరిగాను. కాబట్టి స్టోమా మీద నాకు ఏ కోపమూ లేదు, దాన్ని తిట్టడానికి ఈ రివ్యూ కాదు.

ఆ రోజుల్లో బ్యాగులు మా ఊళ్ళో దొరికేవి కావు, చెన్నై వెళ్ళేవాళ్ళతో తెప్పించుకునేవాళ్ళం. తర్వాత విజయవాడలో సర్జికల్ షాపుల్లో దొరకడం మొదలైంది. ఆ తర్వాత ఫోన్ చేస్తే కొరియర్, ఇప్పుడైతే వాట్సాప్‌లో సైజు కొడితే చాలు. సుఖమే, కాదనను. కానీ ఆ సుఖంలో పడి జరిగిందేమిటంటే ఇన్నేళ్ళలో నా స్టోమాని నేను తప్ప ఇంకో మనిషి చూడలేదు. ఆపరేషన్ చేసిన డాక్టర్‌గారు రిటైరైపోయారు. జ్వరానికో బీపీకో వెళ్తే డాక్టర్లు బ్యాగు పైనుంచే స్టెతస్కోపు పెట్టి చూసేవాళ్ళు, తీసి చూపించమని ఎవరూ అడగరు కదా. ఏడాదికోసారైనా బ్యాగు తీయించి స్టోమాని ఒకరికి చూపించుకోవాలని నాకు చెప్పినవాళ్ళూ లేరు.

కోవిడ్ గొడవ సద్దుమణిగాక నాకు లీకులు మొదలయ్యాయి. బ్యాగుని చర్మానికి పట్టి ఉంచే జిగురు ప్లేటు మామూలుగా మూడు నాలుగు రోజులు నిలిచేది, అలాంటిది పొద్దున అంటిస్తే రాత్రికి కింది అంచు నుంచి కారేది. చిన్నపేగు నుంచి వచ్చేది పల్చగా, జీర్ణరసాలతో ఉంటుంది, చర్మానికి తగిలితే మంట ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. షాపులో అడిగితే పేస్ట్ వాడమన్నారు. వాడాను. తర్వాత రింగు, ఆ తర్వాత లోపలికి ఉబ్బెత్తుగా ఉండే కాన్వెక్స్ ప్లేటు, దానికి బెల్టు, పౌడరు, చర్మానికి కొట్టే స్ప్రే. పాపం ఆ కుర్రాడు మర్యాదగానే మాట్లాడతాడు, "మేడమ్, ఇది కొత్తగా వచ్చింది, ట్రై చేయండి" అంటాడు, అతనికి తెలిసింది సరుకు. లీకుకి మందు అమ్మేవాళ్ళు బోలెడుమంది, లీకు ఎందుకొస్తోందో చూసేవాళ్ళే లేరు. నెలకి నా బ్యాగుల ఖర్చు రెట్టింపు దాటింది.

ఈలోగా రక్తం. స్టోమాని తుడిచేటప్పుడు దూదికి కాస్త ఎరుపు అంటడం మామూలే, ఆ పొర మెత్తన, రక్తనాళాలు ఎక్కువ, దానికి కంగారు పడక్కర్లేదు. ఇది అలా కాదు, ఒకే చోటు నుంచి, కింది వైపు, ఎర్రటి పేగూ చర్మమూ కలిసే అంచు మీద నుంచి వచ్చేది. చేత్తో తడిమితే కందిగింజంత బొడిపె తగిలింది. మా దగ్గర ఒక సర్జన్‌కి చూపిస్తే గ్రాన్యులోమా, అంటే రాపిడికి పెరిగే ప్రమాదం లేని కండ అన్నారు, సిల్వర్ నైట్రేట్ పుల్లతో కాల్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది, మళ్ళీ కాల్చారు. నిజానికి ఆ అంచు మీద వచ్చే బొడిపెల్లో ఎక్కువ భాగం గ్రాన్యులోమాలే, కుట్ల దగ్గర, ప్లేటు ఒరుసుకున్న చోట వస్తాయి, కాలిస్తే పోతాయి. నాకున్న కంప్లయింట్ ఒక్కటే, పోకుండా మళ్ళీ మళ్ళీ వస్తున్నదాన్ని ముక్క తీసి పరీక్షకి పంపకుండా కాలుస్తూ పోవడం.

మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు, వాడే ఈ క్లినిక్ సంగతి కనుక్కుని అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. ఇక అసలు రివ్యూ.

గది చిన్నదే కానీ ఆలోచించి కట్టినట్టుంది. లోపలే బాత్రూమ్, వేడినీళ్ళు, బ్యాగులు పారేయడానికి మూత ఉన్న డబ్బా, మంచం పైన మంచి లైటు, తలుపుకి లోపలి గడియ. గడియ గురించి ఎందుకు రాస్తున్నానంటే ఇంకో చోట పరదా మాత్రమే ఉంది, వార్డుబోయ్ మూడుసార్లు తొంగిచూశాడు. ఇక్కడ సిస్టర్ తప్ప ఎవరూ రారు. ఆవిడ స్టోమా కేర్‌లో ప్రత్యేకంగా ట్రైనింగ్ అయిన నర్సు, మాట నెమ్మది, చెయ్యి అంతకంటే నెమ్మది.

నన్ను ఆకట్టుకున్న సంగతి ఇది. ప్లేటు ఊడదీశాక అందరూ దాన్ని చుట్టి డబ్బాలో పడేస్తాం కదా, ఆవిడ అలా చేయలేదు. వెనక్కి తిప్పి లైటు కింద పట్టుకుని చూసింది. నాకూ చూపించింది. జిగురు చుట్టూతా గట్టిగానే ఉంది, కింద ఒక్కచోట మాత్రం కరిగి, అక్కడి నుంచి అంచు దాకా కాలవ కట్టినట్టు గోధుమరంగు చార. "ప్లేటు మంచిదేనమ్మా, దీని కింద ఏదో ఎత్తుగా ఉంది, అందుకే అక్కడ కూర్చోవట్లేదు" అంది. నేను ఏడాదికి పైగా వేలకి వేలు పోసి వెతికిన జవాబు పాత ప్లేటు వీపు మీద ఉంది.

తర్వాత నన్ను పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి, ముందుకి వంగమని ఒకసారి చూసింది. స్టోమా సైజు గైడుతో కొలిచింది, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసింది. అప్పుడు అడిగిన ప్రశ్నలు రెండే: "ఈ స్టోమా పెట్టి ఎన్నేళ్ళయిందమ్మా? దేనికోసం చేశారు?" అప్పటిదాకా ఆ బొడిపెని చూసినవాళ్ళెవరూ నన్ను ఈ రెండూ అడగలేదు. 1998 అనీ, కొలైటిస్ అనీ చెప్పగానే ఇంకేం మాట్లాడకుండా పక్క గదిలోంచి సర్జన్‌ని పిలుచుకొచ్చింది.

సర్జన్ కుర్రాయనే. చూసి, "అమ్మా, దీన్ని ఇంక కాల్చొద్దు, ముక్క తీసి పంపుదాం" అన్నాడు. బయాప్సీ ఆ పూటే అయిపోయింది. చర్మం వైపు మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, పేగు వైపు అసలు ఏమీ తెలియలేదు, ఎందుకంటే ఆ ఎర్రటి భాగానికి నొప్పి తెలిసే నరాలు ఉండవు. ఇది గుర్తుంచుకోండి. నొప్పి లేదు కదా అని ఊరుకునే సౌకర్యం స్టోమా విషయంలో మనకి లేదు, అక్కడ ఏం పెరిగినా నొప్పి పెట్టకపోవచ్చు.

రిపోర్టులో అడినోకార్సినోమా అని వచ్చింది. అంటే క్యాన్సర్.

నాకు వచ్చిన మొదటి ప్రశ్న, మీకూ వస్తుంది, పెద్దపేగంతా తీసేశారుగా, ఇంకెక్కడి క్యాన్సర్? కొలైటిస్ చాలా ఏళ్ళుంటే పెద్దపేగుకి క్యాన్సర్ రావచ్చని అప్పట్లో చెప్పారు, అది తీసేస్తే ఆ భయం పోయిందనే కదా అనుకుంటాం. డాక్టర్‌గారు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు, తొందర పడలేదు, తెలుగులోనే చెప్పారు. స్టోమా అంచు మీద క్యాన్సర్ రావడం అరుదు. ఇలాంటి కేసు మొదటిసారి వైద్య పత్రికల్లో వచ్చింది 1969లో. అప్పటి నుంచీ ప్రపంచవ్యాప్తంగా ఒక్కొక్కటిగా రిపోర్ట్ అవుతూనే ఉన్నాయి, ఎక్కువ భాగం ఆపరేషన్ అయి ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళలో, ఎక్కువగా కొలైటిస్‌కో, పేగు నిండా పాలిప్స్ వచ్చే వంశపారంపర్య జబ్బుకో పేగు తీయించుకున్నవాళ్ళలో. ఇప్పుడు మనం పెట్టించుకునే రకం ఇలియోస్టమీ, అంటే పేగు చివరని కాస్త తిరగేసి బయటికి ముక్కులా నిలబెట్టే పద్ధతి, ఇంగ్లాండులో బ్రూక్ అనే సర్జన్ 1952లో ప్రచురించినది. ఆ తర్వాతే ఇలియోస్టమీతో జనం దశాబ్దాల తరబడి హాయిగా బతకడం మొదలైంది. అంతకాలం బతుకుతున్నారు కాబట్టే అంత ఆలస్యంగా వచ్చే జబ్బూ కనబడుతోంది.

ఎందుకు వస్తుందంటే ఖాయంగా ఇదీ అని తేలలేదట. చిన్నపేగు పొర బయట గాలికీ బ్యాగుకీ సబ్బుకీ ఏళ్ళ తరబడి ఒరుసుకుంటూ ఉంటే కొందరిలో మెల్లగా పెద్దపేగు పొరలా మారుతుంది, ఆ మారిన పొరలో కణాలు అదుపు తప్పొచ్చు అనేది ఒక వివరణ. చర్మమూ పేగూ కలిసే గీత మీద ఎప్పుడూ ఉండే రాపిడి, వాపు ఇంకొక కారణం కావచ్చు. ఇంకో రకం కూడా ఉంది, స్టోమా చుట్టూ చర్మానికి వచ్చేది, స్క్వామస్ సెల్ అంటారు, ఏళ్ళ తరబడి లీకై పుండుపడే చర్మం మీద వస్తుంది. కాబట్టి చర్మం ఎప్పుడూ పచ్చిగా ఉండటం స్టోమా ఉన్నవాళ్ళకి మామూలే అని సర్దుకోకండి, అది మామూలు కాదు, దానికి కారణం ఉంటుంది.

ఇది చదివి అందరూ టెన్షన్ పడాలని నేను రాయడం లేదు. స్టోమా దగ్గర కనబడే ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. చర్మం తడిసి తడిసి పులిపిర్లలా మందంగా పెరగొచ్చు, హెర్నియా వచ్చి చుట్టూ ఉబ్బొచ్చు, వాపు వల్ల వచ్చే పాలిప్ కావచ్చు. వీటిని కంటితో చూసి చెప్పడం ఒక్కోసారి డాక్టర్‌కే కష్టం, అందుకే ముక్క తీయాలి. ఒకే చోటు నుంచి మళ్ళీ మళ్ళీ రక్తం వస్తున్నా, గడ్డ పెరుగుతున్నా, మానని పుండున్నా, ఏళ్ళుగా సరిపోయిన ప్లేటు ఉన్నట్టుండి అంటుకోకపోయినా, స్టోమా రంధ్రం సన్నబడి బయటికి రావడం కష్టమై కడుపు ఉబ్బుతున్నా, షాపుకి మెసేజ్ పెట్టే ముందు మనిషికి చూపించండి.

సిటీ స్కాన్ చేశారు, స్టోమాలోంచి స్కోపు, అంటే కెమెరా గొట్టం పెట్టి లోపలి పేగు చూశారు. గజ్జల్లో గ్రంథులు కూడా చూశారు, గజ్జల్లో ఎందుకండీ అంటే ఆ చోటి చర్మం నుంచి లింఫు అనే ద్రవం అటే వెళ్తుందట. తర్వాత ఆపరేషన్. బొడిపె ఒక్కదాన్ని గిల్లేస్తే సరిపోదు, చుట్టూ చర్మం, దాని కింద పొట్ట గోడలో కొంత, లోపలి పేగులో కొంత కలిపి ఒకే ముక్కగా తీసి, కొత్త స్టోమా ఇంకో చోట పెట్టాలి. నాకు ఎడమవైపుకి మార్చారు. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయనీ, గ్రంథుల్లోకి పాకలేదనీ వచ్చింది. నా వరకు కీమో అక్కర్లేదన్నారు, చెకప్‌లు మాత్రం తప్పవు. మీ సంగతి మీ డాక్టర్ చెప్పాలి, నా రిపోర్టు మీకు వర్తించదు.

ఆపరేషన్ ముందు రోజు సిస్టర్ చేసిన పనికే నేను రెండు స్టార్లు ఇస్తాను. "రేపు మీరు ఇంట్లో కట్టుకునే చీరా లంగా తెచ్చుకోండమ్మా" అంది. 1998లో స్టోమా ఎక్కడ పెట్టాలో నన్నెవరూ అడగలేదు, అది సరిగ్గా లంగా బొందు కట్టే చోట వచ్చింది. ఇన్నేళ్ళూ బొందు కాస్త పైకి కడితే కుచ్చిళ్ళు నిలవక, కిందకి కడితే బ్యాగు నొక్కుకుపోయి సరిగ్గా నిండక, చివరికి సగం రోజులు నైటీలోనే గడిపాను. ఈవిడ నాతో చీర కట్టించింది, నడవమంది, కింద పీట మీద కూర్చోమంది, వంగి ముగ్గేస్తున్నట్టు పెట్టమంది, పొట్ట ఎక్కడ మడతపడుతుందో చూసి, బొందు గీతకి కింద, మడతకి దూరంగా, నా కంటికి కనబడే చోట మార్కర్ పెన్నుతో చుక్క పెట్టింది. అది చెరిగిపోకుండా పైన టేపు వేసింది. సర్జన్ ఆ చుక్క మీదే పెట్టారు. ఇప్పుడు గద్వాల చీర కట్టుకుని పెళ్ళికెళ్ళొచ్చాను, ఎవరికీ తెలియలేదు.

కంటికి కనబడే చోట అన్నాను కదా, దానికో కారణం ఉంది. పాత స్టోమాలో నా బొడిపె కింది వైపు ఉంది, నిలబడి పైనుంచి చూస్తే ఆ వైపు కనబడదు. ప్లేటు మార్చిన ప్రతిసారీ చిన్న చేతి అద్దం కింద పెట్టి చుట్టూతా చూడటం ఇక్కడే నేర్పారు. ఇంకొకటి, బయటికి కనబడకుండా ఉండే గోధుమరంగు గుడ్డ పొర బ్యాగులు అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే, కానీ ఇంట్లో ఉన్నప్పుడు పారదర్శకంగా ఉండేది వాడమన్నారు, రక్తం కనబడితే వెంటనే తెలుస్తుందని. చూడటానికి మొదట్లో ఒకలా ఉంటుంది, వారం తర్వాత పట్టించుకోరు.

స్టోమా నర్సు అనే ఉద్యోగం మొదలైన కథ కూడా సిస్టరే చెప్పింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో టర్న్‌బుల్ అనే సర్జన్ 1958లో నార్మా గిల్ అనే ఆవిడని పెట్టుకున్నారట, ఆవిడ చదివింది నర్సింగ్ కాదు, కొలైటిస్‌తో పడి ఇలియోస్టమీ చేయించుకున్న పేషెంట్. మిగతా పేషెంట్లకి బ్యాగులు పెట్టడం నేర్పడానికి తీసుకున్నారు. మన వైపు జిల్లా ఆస్పత్రుల్లో అలాంటి ఒక్క మనిషి ఉన్నా చాలు అనిపించింది.

ఇక తగ్గించిన స్టార్ సంగతి. బిల్లింగ్ కౌంటర్ దారుణం. స్టోమా క్లినిక్ అంటే అక్కడి అమ్మాయికి అర్థం కాక నన్ను మొదట గ్యాస్ట్రో ఓపీకి, అక్కడి నుంచి డ్రెస్సింగ్ రూమ్‌కి పంపింది. అందరి ముందు గట్టిగా "ఆ బ్యాగు పేషెంటా?" అని అరవడం అవసరమా? అపాయింట్‌మెంట్ పదింటికైతే లోపలికి వెళ్ళేసరికి పన్నెండు. ఇలియోస్టమీ వాళ్ళకి ఎదురుచూపులు అంత తేలిక కాదు, నీళ్ళూ ఉప్పూ త్వరగా తగ్గిపోతాయి, నేను ఉప్పేసిన మజ్జిగా ఓఆర్ఎస్ సీసా వెంట పెట్టుకెళ్తాను, మీరూ పెట్టుకోండి. వెయిటింగ్ హాల్లో టాయిలెట్ ఉంది కానీ బ్యాగు ఖాళీ చేసుకునేటప్పుడు చీర కొంగు, హ్యాండ్‌బ్యాగు తగిలించుకోవడానికి ఒక్క మేకు లేదు. ఇచ్చే కరపత్రాలన్నీ ఇంగ్లీషూ హిందీ, తెలుగులో ఒక్కటీ లేదు, హైదరాబాద్‌లో ఉండి ఇదేం పద్ధతో. సిస్టర్ ఒక్కరే, ఆవిడ సెలవు పెడితే గదికి తాళం. బ్యాగులు లోపల ఫార్మసీలో ఎమ్మార్పీకే ఇస్తారు, బయట తక్కువకి దొరుకుతాయి, కొనమని మాత్రం ఒత్తిడి చేయరు, పైగా అనవసరంగా వాడుతున్న పేస్టూ బెల్టూ మానిపించారు. నా నెల ఖర్చు మళ్ళీ పాత లెక్కకి వచ్చింది.

సిస్టర్ కన్సల్టేషన్ ఐదొందలు, సర్జన్ చూస్తే దానికి వేరే. బయాప్సీకి ల్యాబ్ బిల్లు విడిగా వేస్తారు, ముందే అడిగి తెలుసుకోండి. వెళ్ళేటప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు దొరికితే తీసుకెళ్ళండి, దొరక్కపోతే ఏ ఏడాది, ఏ జబ్బుకి అన్నది రాసుకెళ్ళినా చాలు. మీరు వాడే ప్లేటూ బ్యాగూ రెండు సెట్లు పెట్టుకోండి, పొద్దున కొత్త ప్లేటు వేసుకుని వెళ్ళకండి, రెండు రోజులు వాడినదైతేనే వెనకాల చూసి ఏదైనా చెప్పగలుగుతారు. పొద్దున టిఫిన్ తక్కువ తింటే తీసినప్పుడు శుభ్రంగా ఉంటుంది. ఫోన్ చేసి సిస్టర్ ఉన్నారో లేదో కనుక్కున్నాకే బయల్దేరండి, మంగళవారం రద్దీ తక్కువ. శనివారం మాత్రం వెళ్ళకండి, సర్జన్ ఉండరు, బయాప్సీ కావాల్సివస్తే సోమవారం దాకా ఆగాల్సిందే.